చివరి గూట్లో పడిన కార్డులు

మొన్న మా చెల్లెలి కూతురు హాల్లో ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని ఏదో ప్రాజెక్టు చేసుకుంటోంది. పెద్ద పట్టిక, వేలకొద్దీ వరసలు. అందులో తనకు కావలసినవి మాత్రం ఏరుకోవాలట. ఒక లైను టైపు చేసింది, ఖాళీ గడులున్న వరసలన్నీ మాయమైపోయాయి. ఇంకో లైను కొట్టింది, మిగిలినవాటిలోంచి కావలసినవి మాత్రం వచ్చి నిలబడ్డాయి. "అయిపోయింది పెద్దమ్మా" అని చేతులు దులుపుకుంది. కాఫీ కలుపుతున్నదాన్ని నేను అలాగే ఆగిపోయి, "తీసేసినోళ్ళు యాడుండారు? సూసినావా?" అన్నాను.

ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఎన్నో ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్న పెద్దమ్మ నోట్లోంచి ఆ యాస ఊడిపడటం దానికి తమాషాగా ఉంది. పైగా పట్టికలో వరసల్ని పట్టుకుని మనుషుల్ని అడిగినట్టు అడగడమేమిటని దాని సందేహం. నాకూ నవ్వొచ్చింది. ఆ మాటా నాది కాదు, ఆ చాదస్తమూ నాది కాదు. రెండూ ఒకాయన దగ్గర అంటుకున్నవి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన సంగతి నాకు ఆర్నెల్లు ఆలస్యంగా తెలిసింది, అందుకు నామీద నాకింకా కోపమే.

డెబ్బైల చివర తిరుపతిలో నేను గణాంకశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. ఆయన మా విభాగంలోనే ఉద్యోగి. ప్రొఫెసరు కాదు, లెక్చరరూ కాదు. ఆయన ఉద్యోగం పేరే కంప్యూటర్. యంత్రం రాకముందు కూర్చుని లెక్కలు కట్టే మనిషిని అలాగే పిలిచేవాళ్ళు, అప్పాయింట్‌మెంటు కాగితంలో కూడా అలాగే రాసేవాళ్ళు. తర్వాత నిజంగా కంప్యూటరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి లోపలికి తీసుకొచ్చిన రోజున ఈయన దాని ముందు నిలబడి, పేరు ఒకటే అయినా సీనియారిటీ మాత్రం తనదేనని దానికి చెప్పి మరీ నమస్కారం పెట్టారట.

నుదుట నిలువు నామం, చెవి మీద పెన్సిలు, జేబులో నశ్యం డబ్బీ. కంప్యూటరు గదిలో చల్లదనం కోసం పెద్ద ఏసీ ఉండేది. తిరుపతి ఎండలో ఊరంతా ఉడికిపోతుంటే ఈయన మెడకు మఫ్లరు చుట్టుకుని ఆఫీసుకు వచ్చేవారు. చూసినవాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అని పలకరించేవాళ్ళు. ఆ గదిలోకి చెప్పులు తీసే వెళ్ళాలి. ఈయన చెప్పులతోపాటు నశ్యం డబ్బీ కూడా బయట వదలాలని ఆపరేటరు ప్రత్యేకంగా నిబంధన పెట్టాడు. ఒకసారి ఆయన లోపల తుమ్మితే యంత్రం ఆగిపోయిందని ఒక పుకారు. ఆగిపోయింది కరెంటు పోయినందుకని ఆయన ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు.

అప్పటి పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే పురాణంలా వింటారు. సర్వేలో ఒక్కో కుటుంబానికి ఒక్కో అట్ట కార్డు. కార్డు మీద నిలువు గళ్ళు. ఇన్నో గడిలో ఇంట్లో ఎంతమంది, ఇన్నో గడిలో ఎన్నెకరాలు అని ముందే అనుకుని, ఆ అంకె దగ్గర చిల్లు పొడుస్తారు. ఇప్పుడు మా చెల్లెలి కూతురు వరస అంటున్నది అప్పుడు చేతిలో పట్టుకునే కార్డు. కావలసిన వరసలు ఏరడానికి మేం ప్రోగ్రాం రాసేవాళ్ళం. ఫలానా గడిలో ఫలానా అంకె ఉంటేనే ఈ కుటుంబం పేరు అచ్చువెయ్యి, లేకపోతే తర్వాతి కార్డుకు పో, అని షరతు. ఆ షరతును ఆయన గేటు అనేవారు.

ప్రోగ్రాం భాష ఆయనకు రాదు. అయినా నేను రాసిన కాగితం తీసుకుని, చెవి మీది పెన్సిలు దించి, ఒక్కో గేటు దగ్గర ఆగేవారు. దాటినవాళ్ళ గురించి ఆయనకు పట్టేది కాదు. దాటలేనివాళ్ళు ఎటు పోయారని అడిగేవారు. ఎటూ పోరు సార్, యంత్రం తర్వాతి కార్డు తీసుకుంటుంది అని నేను చెబితే, అంటే యంత్రానికి తెలియదన్న మాట, నీకూ తెలియదన్న మాట, అని పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకునేవారు. ఆయన లెక్క ప్రకారం ఏ జాబితాకైనా జంట జాబితా ఒకటి ఉండాలి. ఏరినవాళ్ళది ఒకటి, వదిలినవాళ్ళది ఒకటి. రెండూ కూడితే మొత్తం రావాలి. కాగితం దండగ అని మా హెడ్డుగారు కసిరితే, పాత కాగితాల వెనకవైపు రెండో జాబితా అచ్చు వేయించేవారు. పిల్లలు ఆయనకు వదిలినోళ్ళ సారు అని పేరు పెట్టారు. అది విని ఆయన మురిసిపోయారు.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగేది కాదు. బంగారుపాళ్యం దగ్గర ఆయన బావమరిదికి మామిడి తోట ఉండేది. కాయలు ఏరేటప్పుడు మచ్చలున్నవి, దెబ్బ తగిలినవి పక్కన కుప్ప పోస్తారు. ఈయన వెళితే బుట్టల వైపు కన్నెత్తి చూడరు. తిన్నగా కుప్ప దగ్గరికి పోయి, పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, ఒక్కో కాయా తిప్పి చూసి, ఇది ఆకు నీడ పడిన మరక, ఇది మచ్చ కాదు అంటూ నాలుగైదు తిరిగి బుట్టలో వేస్తారు. బావగారు వచ్చిన పూట లారీ గంట ఆలస్యమని ఆ బావమరిది ఎవరు కనిపించినా చెప్పుకునేవాడు.

ఆయన మేనకోడలి పెళ్ళి సంగతి ఇంకా బాగుంటుంది. సంబంధాలు చూసి చూసి, నచ్చిన జాతకాలు మూడు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతున్నారు. ఈయన వచ్చి నచ్చనివి ఎక్కడున్నాయని అడిగారు. తిట్టుకుంటూ ఒక సంచీ తెచ్చి ముందు పడేశారు. అందులో ఒకటి పుట్టిన సమయం రాయలేదని పక్కన పెట్టిన జాతకం. "టైం రాయకుంటే పిల్లోడు పుట్టలేదనా?" అని ఆయనే బస్సెక్కి పుత్తూరు పోయి అబ్బాయిని చూసి వచ్చారు. అబ్బాయి బుద్ధిమంతుడు, స్కూల్లో అయ్యవారు. పెళ్ళయింది. మామయ్య పుణ్యమా అని తనకు గురక పెట్టే మొగుడు దొరికాడని ఆ అమ్మాయి మాత్రం కనిపించినప్పుడల్లా ఆయన్ను సాధించేది. ఆ ఒక్కటీ జాతకంలో ఉండదమ్మా అని తప్పించుకునేవారు.

నిజం చెప్పాలంటే, అప్పట్లో నాకు ఆయనంటే విసుగు. ఇరవై మూడేళ్ళ వయసు, విభాగంలో ప్రోగ్రాం రాయడం వచ్చిన ఏకైక ఆడపిల్లని. నా తలకాయ ఎంత ఎత్తులో ఉండేదో నాకే తెలుసు. యంత్రం భాష రాని మనిషి నా పనికి అడుగడుగునా పెన్సిలు అడ్డం పెడుతుంటే ఒళ్ళు మండేది.

అలాంటి రోజుల్లో నగరి చేనేత కుటుంబాల సర్వే వచ్చింది. సొంత మగ్గం లేకుండా ఇతరుల దగ్గర నేసే కుటుంబాలకు మగ్గాలు ఇస్తారట. సర్వే చేసినది మా విభాగం కాబట్టి అర్హుల జాబితా మేమే తీసి, శుక్రవారం సాయంత్రం ఐదు లోపల చిత్తూరులో ఒక ఆఫీసుకు అందజేయాలి. జాబితాలో పేరుంటే మగ్గం, లేకపోతే లేదు. ప్రోగ్రాం రాసే పని హెడ్డుగారు నాకు అప్పగించారు.

ఇక్కడ నా తెలివి గురించి కొంచెం చెప్పాలి. కార్డులో గడి ఖాళీగా ఉంటే ఆ యంత్రం దాన్ని సున్నా అనుకునేది. ఇది తెలియక బోర్లా పడినవాళ్ళు చాలామంది. మగ్గాలెన్ని అన్న గడిలో చిల్లే లేకపోతే, వాళ్ళకు మగ్గాలు లేవని కాదు, జవాబు లేదని. అది నాకు తెలుసు. అందుకని ముందే ఒక గేటు కట్టాను. ఆ గడి ఖాళీగా ఉన్న కార్డును అసంపూర్తి కింద తీసెయ్యి, నిజంగా సున్నా చిల్లు ఉన్నవాళ్ళనే ఏరు, అని. ఎంత శుభ్రంగా ఉందో అని ఆ రెండు లైన్లూ నాకు నేనే నాలుగుసార్లు చదువుకున్నాను. గురువారం మధ్యాహ్నం జాబితా అచ్చై వచ్చింది. రెండో జాబితా వేయలేదు. టైం లేదు, ఆయనకు చెప్పనూ లేదు.

ఆయన ఊరుకుంటారా. జాబితాలో ఎంతమంది అని అడిగారు, చెప్పాను. పెట్టెలో కార్డులెన్ని అని అడిగారు, చెప్పాను. మగ్గాలున్నవాళ్ళు ఎంతమంది అని అడిగారు. ఆ లెక్క నా దగ్గర లేదు. కార్డుల పెట్టె చంకన పెట్టుకుని పక్క గదిలో ఉన్న సార్టరు దగ్గరికి నడిచారు. అది కార్డుల్ని అంకెల వారీగా విడదీసే యంత్రం. మనం చెప్పిన గడిలో సున్నా ఉన్న కార్డు సున్నా గూట్లో, ఒకటి ఉన్నది ఒకటో గూట్లో పడుతూ పోతాయి. చిల్లే లేని కార్డులు ఏ గూట్లోనూ పట్టక చివరి గూట్లోకి జారుతాయి. టకటకమంటూ పది నిమిషాల్లో పెట్టె అంతా అయిపోయింది. చివరి గూట్లో ఇంత మందాన కార్డులు పడి ఉన్నాయి. లెక్కపెట్టారు. ముప్పై ఏడు.

అవి అసంపూర్తి కార్డులు సార్, కావాలనే తీసేశాను అని నా తెలివంతా విప్పి చెప్పాను. ఆయన విన్నారు. ఆ తర్వాత సర్వే ఫారాలు తెప్పించి ఆ ముప్పై ఏడూ వెతికి తీశారు. అన్నీ ఒకే చేతిరాత, నగరిలో పక్కపక్కనే ఉన్న రెండు వీధులు. మిగతా గళ్ళన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, మగ్గాల దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు ఆ సర్వే చేసిన అబ్బాయి.

"సోమరి అయ్యుంటే అన్నీ వదులుతాడు. ఇదొక్కటే ఎందుకు వదిలినాడు? పోయి అడగాలమ్మా," అన్నారు.

రేపు ఐదింటికల్లా చిత్తూరులో ఇవ్వాలి సార్ అన్నాను. ఆ సంగతి ఆయనకూ తెలుసన్నారు. హెడ్డుగారి దగ్గరికి వెళ్ళాం. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ ఆఫీసువాళ్ళు జాబితా మొత్తం పక్కన పడేస్తారని ఆయన గట్టిగా అరిచారు. ముప్పై ఏడు ఇళ్ళ కోసం వందల ఇళ్ళను ముంచుతారా అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. ఈయన మఫ్లరు తీసి మడతపెట్టి, ఆలస్యానికి తనే జవాబుదారీ అని రాసిస్తానన్నారు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు నగరి వెళ్ళాం. దారి పొడవునా ఆయన మీద, నా మీద, ఆ ముత్యాల అక్షరాల అబ్బాయి మీద నాకు కోపమే.

మొదటి ఇంట్లోకి అడుగుపెట్టగానే గుంట మగ్గం కనిపించింది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని ఒకాయన నేస్తున్నాడు. నేను సారు వైపు గెలిచినట్టుగా చూశాను. ఇంట్లో మగ్గం పెట్టుకుని అంకె చెప్పలేదంటే అది దాచిపెట్టడం కాక ఇంకేమిటని నా ఉద్దేశం. ఆయన అదేమీ పట్టించుకోకుండా, నూలు తోడుతున్న ఆ ఇంటి ఇల్లాలిని మీకు మగ్గాలెన్ని తల్లీ అని అడిగారు. ఆమె ఆయన నామం వైపు, నా చేతిలో కాగితాల వైపు మార్చి మార్చి చూసింది.

"ముందొచ్చిన పిలగాడూ ఇదే అడిగినాడు సామీ. మగ్గం ఈడ కనబడతానే ఉండాది. మాది కాదు. ముదలాళి పెట్టించినాడు, నూలూ ఆయనదే, చీరా ఆయనదే. గుంటొకటి మాది," అంది. "ఒకటని రాసేదా సున్నా రాసేదా అని ఆ పిలగాడు శానాసేపు పెన్ను కొరుక్కున్నాడు. మా ఆయన్నడిగినాడు, ఆయనకీ తెలీలా. మళ్ళొస్తానని పోయినాడు."

రెండు వీధుల్లోనూ ఇంటింటికీ తిరిగాం. ఆరిళ్ళలో మగ్గం అప్పు చేసి కొన్నదైనా వాళ్ళ సొంతమే. మిగతా ముప్పై ఒక్క ఇళ్ళలో ఆ ఇల్లాలి కథే. ఇల్లు వాళ్ళది, గుంట వాళ్ళది, మగ్గం ముదలాళిది, అంటే నేయించుకునే ఆసామిది. ఆ మగ్గం వదిలి ఇంకో చోట నేయడానికి లేదు, కూలి తక్కువైనా అడగడానికి లేదు. మగ్గాలు ఇవ్వాలనుకున్నదే ఇలాంటివాళ్ళకు. వాళ్ళనే, కచ్చితంగా వాళ్ళనే, నేను నా శుభ్రమైన రెండు లైన్లతో తీసేశాను. వీధి చివర అరుగు మీద కూర్చుని సోడా తాగుతూ ఆయన నవ్వారు. ఖాళీ అంటే సున్నా అనుకునే తెలివితక్కువవాడు రాసి ఉంటే ఈ పాటికి వీళ్ళంతా జాబితాలో ఉండేవాళ్ళన్నారు. నాకు ఏడుపొచ్చింది. అది చూసి కంగారుపడి నా చేతిలో ఇంకో సోడా పెట్టారు.

శనివారం చిత్తూరు వెళ్ళాం. ముప్పై ఒక్క పేర్లూ అచ్చు జాబితా కింద నా చేత్తోనే రాశాను. ఆ ఆఫీసు గుమాస్తా తేదీ చూసి తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు బతిమాలాక, ఆలస్యానికి కారణం రాసిస్తే అధికారికి చూపిస్తానన్నాడు. ఈయన జేబులోంచి పెన్ను తీశారు, అంతా తన మీద వేసుకోవడానికి. నాకు ఏమనిపించిందో, ఆ పెన్ను లాక్కుని నేనే రాశాను. ముప్పై ఒక్క కుటుంబాలను నేను పొరపాటుగా తీసేశానని, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కనుక్కుని చేర్చడానికి ఒక రోజు పట్టిందని, కింద నా పేరు. గుమాస్తా చదివి బిత్తరపోయాడు. "మిషన్ చెడిపోయిందని రాయొచ్చు గదమ్మా, అందరూ అట్లే రాస్తారు," అన్నాడు. అయినా కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. వందల ఇళ్ళు అన్న హెడ్డుగారి మాటే చెవుల్లో మోగుతోంది. ముప్పావుగంటకు గుమాస్తా బయటికొచ్చి, అధికారి తీసుకోమన్నాడని, అయినా నిన్నటి నుంచీ ఇంకా రెండు ఊళ్ళ జాబితాలు రానే లేదని చెప్పి ముద్ర వేశాడు.

మగ్గాలు రావడానికి ఆ తర్వాత రెండేళ్ళు పట్టింది. ఆ మొదటి ఇంటి గుంటలో సొంత మగ్గం దిగడం నేను వెళ్ళి కళ్ళారా చూశాను. కానీ నేను చెప్పాలనుకున్నది దాని గురించి కాదు. ఆ శనివారం తిరుగు ప్రయాణం గురించి.

బస్సు పూతలపట్టు కూడలిలో ఆగింది. డ్రైవరు టీ తాగడానికి దిగాడు. ఉదయం నుంచీ నాకు ఒకటే ప్రశ్న. ఇన్నాళ్ళూ దాన్ని చాదస్తం అనుకున్నాను కాబట్టి అడగలేదు. ఇప్పుడు అడిగాను, వదిలినోళ్ళ పిచ్చి మీకు ఎప్పటి నుంచి సార్ అని. నవ్వుతారనుకున్నాను. ఆయన కిటికీలోంచి రోడ్డు అవతలికి చెయ్యి చూపించారు.

"ఈడికి దగ్గిర్లోనే ఒక ఊరమ్మా," అన్నారు. "మిషన్ లేని రోజులు. నీళ్ళకు కరువు ఏడు. బావి లేని ఊర్లు ఏరియ్యమన్నారు, బోర్లు వేసేదానికి. చేత్తోనే ఏరినాను. ఒక ఊరికి బావుల కాడ ఏమీ రాసి లేదు. నీ మాదిరే, అసంపూర్తి అని పక్కన పెట్టినాను. చుట్టూ అన్ని ఊర్లలో బోరు పడింది, ఆ ఊర్లో పడలా. ఊర్లో బావి ఉండాది, ఎండిపోయుండాది. ఉందని రాసేదా లేదని రాసేదా తెలీక వదిలినారు."

మీరు వెళ్ళారా అని అడిగాను.

"తెలిసినాక పోయినాను. తప్పు నాదేనని చెప్పి వద్దామని. మిట్టమధ్యాన్నం. ఎండన పడి వచ్చినానని ఒక ముసలామె చెంబు నిండా నీళ్ళు తెచ్చిచ్చింది. యాడి నుంచి తెచ్చినావమ్మా అని అడిగితే, ఆ గుట్ట అవతల నుంచి అనింది, పొద్దన పోతే ఇప్పుడే వచ్చినానని. నాకు చెప్పేదానికి నోరు రాలేదు. ఇచ్చిన నీళ్ళు వద్దనేదానికీ రాలేదు. తాగినాను. మరుసటి ఏడు మళ్ళీ లిస్టు వేయించినాను, బోరు పడిందిలే. ఆ ఒక్క ఎండాకాలం మాత్రం నా లెక్కలో అట్లే ఉండిపోయింది."

డ్రైవరు ఎక్కి హారను కొట్టాడు. ఆయన మఫ్లరు అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. బస్సు కదిలాక, నా వైపు తిరగకుండానే ఇంకొక్క మాట అన్నారు.

"ఖాళీ చెంబు ఆమె చేతికిస్తే, ఇంకొంచెం తెచ్చేదా సామీ అని అడిగిందమ్మా."